యువరాణి ముద్ర వేసిన ఎపిసోడ్

ఆ సీరియల్లో మంచి ఎపిసోడ్లు ఏవని అడిగితే నాలుగే చెప్తాను. మూడేళ్ళపాటు, ఆదివారం తప్ప రోజూ సాయంత్రం ఏడున్నరకి వచ్చిన దాన్లో నాలుగు. మిగతాదంతా సాగదీత. పాయసంలో విషం కలిపారని ఆరు వారాలు నడిపారు. ఆ గిన్నె పట్టుకుని దాసీ ఒకే వసారాలో నడుస్తూనే ఉంది, ఎవరో ఒకరు ఎదురొస్తూనే ఉన్నారు, ప్రతి ముఖాన్నీ మూడేసి సార్లు చూపించి ఉరుము చప్పుడు చేస్తూనే ఉన్నారు. "ఆ పాయసం ఈపాటికి పులిసి దానంతటదే విషమై ఉంటది, మళ్ళీ కలపడం దేనికి" అనేది అమ్మ. అలా అంటూనే చూసేది.

అది ఒక రాజకుటుంబం కథ. ముసలి రాజు, ఆయన కొడుకు, ఆ కొడుకు పెళ్ళాడి తెచ్చిన చిన్న రాణి, భర్త పోయి పుట్టింటికి తిరిగొచ్చిన యువరాణి. ఏ రాజ్యమో, ఏ కాలమో చెప్పరు. నగలు మాత్రం గుంటూరు బజార్లో దొరికే రకమే.

అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. ఇంట్లోనే ఉన్నాను. పురుగుమందుల కొట్టువాళ్ళు నాన్నకి ఏటా ఒక డైరీ ఇచ్చేవాళ్ళు, నాన్న దాన్ని నాకిచ్చేవాడు. ప్రతి పేజీ అడుగునా ఆ వారం పత్తికి ఏ తెగులు తగులుతుందో, దానికి ఏ మందు కొట్టాలో అచ్చేసి ఉండేది. ఆ తెగుళ్ళకి పైనున్న ఖాళీలో నేను ఎపిసోడ్లు రాసుకునేదాన్ని. మండలం లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవలల గురించి కూడా రాసుకునేదాన్ని గానీ వాటి గురించి మాట్లాడటానికి నాకెవరూ లేరు. సీరియల్ గురించి మాట్లాడటానికి అత్త ఉంది.

అత్తంటే నాన్నకి అక్క. పెళ్ళయ్యాక చీమకుర్తిలో కాపురం పెట్టింది. మామయ్య అక్కడ గ్రానైట్ క్వారీలో పనిచేసేవాడు. నేను పుట్టకముందే ఒకరోజు రాయి మీదపడి చనిపోయాడు. పిల్లల్లేరు. అత్త మా ఊరొచ్చేసి, మా వీధి చివర తాతయ్య వేసిన రెండు గదుల రేకుల ఇంట్లో ఉండేది. తన పెళ్ళిలో తాతయ్య ఇచ్చిన ఎకరం తనే చేసుకునేది.

ఆ ఎకరం పసుపుకుంకుమ కింద ఇచ్చినది. ఇచ్చాడంటే పందిట్లో పదిమంది ముందు నోటితో చెప్పాడు. మా వైపు పసుపుకుంకుమ కింద ఇచ్చిన పొలానికి కాగితం రాయరు. ఆడపిల్ల రాయమని అడిగితే పుట్టింటివాళ్ళని దొంగలన్నట్టే. అందుకని ఎవరూ అడగరు. పాసుపుస్తకంలో ఆ ఎకరం ముందు తాతయ్య పేరు మీద, తర్వాత నాన్న పేరు మీద ఉండిపోయింది. అటొక ఎకరం, ఇటొక ఎకరం నాన్నవి. మధ్యది అత్తది. గట్టు కూడా సరిగ్గా ఉండేది కాదు. ఆ ఏడు నాన్న పత్తి వేశాడు, అత్త మిరప వేసింది. రోడ్డు మీద నిలబడి చూస్తే తెల్లటి రెండు ముక్కల మధ్య ఎర్రటి ముక్క. ఏది ఎవరిదో చిన్నపిల్లలు కూడా చెప్పేవాళ్ళు.

మిరపకాయలు కోశాక కల్లంలో ఆరబోయాలి. పొద్దున ఎండెక్కాక పరవాలి, సాయంత్రం మంచు పడేలోపు కుప్పచేసి పట్టా కప్పాలి, మబ్బు పడితే పరుగెత్తాలి. కోత మీద కోత వస్తుంటుంది కాబట్టి రెండు నెలలపాటు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. అత్తకి ఎవరూ లేరు కాబట్టి అత్తే ఉండాలి. తన ఎకరంలోనే ఒక మూల చదును చేసుకుని కల్లం పెట్టుకుంది. ఏడున్నరకి మా ఇంటికొచ్చి సీరియల్ చూడటం ఆ రెండు నెలలూ కుదిరేది కాదు. కోతకొచ్చినవాళ్ళు వేరే రాష్ట్రం మనుషులు, వాళ్ళకి మన సీరియళ్ళు తెలియవు. అందుకని పొద్దున్నే నేను కాఫీ ఫ్లాస్కూ, ఇడ్లీ క్యారియరూ పట్టుకెళ్ళి, అత్త పక్కన కూర్చుని, నిన్నటి ఎపిసోడ్ చెప్పేదాన్ని.

చెప్తూ తాలు ఏరేదాన్ని. తెల్లబారిన కాయల్ని తాలంటారు, వాటిని ఎర్రకాయల్లోంచి ఏరి పక్కన పోయాలి. తలకి, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుంటాం. కాలేజీలో సెమినార్ చెప్పమంటే నా గొంతు నాకే వినపడేది కాదు, మేడమ్ జాలిపడి కూర్చోమనేది. కల్లంలో మాత్రం నాకు రాజు గొంతు వచ్చేది, మంత్రి గొంతు వచ్చేది. ముక్కుకి గుడ్డ ఉండటం వల్లనో ఏమో.

"నిన్న ఏమైందే కోడలా?" అని అత్త అడగడం, నేను మొదలుపెట్టడం.

చిన్న రాణి భోజనం ఎపిసోడ్ అలా చెప్పినదే. నా నాలుగింటిలో అదొకటి. రాణి విస్తరి ముందు కూర్చుంటుంది. ఆమెకంటే ముందు వంటవాడు రుచి చూడాలి, తర్వాత వైద్యుడు, తర్వాత మంత్రి తరఫు మనిషి, ఇలా ఏడుగురు. ఎనిమిదో మనిషి రాణి. అప్పటికి అన్నం చల్లారి మెతుకులు గట్టిపడతాయి. "నేనీ ఇంటికొచ్చాక వేడన్నం తినలేదు" అంటుంది. ఆ ఎపిసోడ్ మొత్తానికి ఆమెకి ఉన్నది ఆ ఒక్క మాటే.

అత్త తాలుకాయ పక్కకి విసిరి, "దాన్నొకసారి మన కల్లానికి రమ్మను. పొగలు కక్కే అన్నంలో పచ్చిమిరపకాయల పచ్చడేసి పెడతా. ఏడుగురు కాదుగదా, ఒక్కడు కూడా దానికంటే ముందు తినడు. మొదటి ముద్దకే కాలవలో దూకుతాడు" అంది.

ముసలి రాజు చావు ఎపిసోడ్ అంటే నాకిష్టం. కొత్త తల మీద కిరీటం పెట్టేదాకా ఎవరూ ఏడవకూడదని అక్కడ ఆచారం. అందరూ హోదా ప్రకారం వరసగా నిలబడతారు. ఉరుములు లేవు, పాటలు లేవు. చీర కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని యువరాణి తన అన్న నిలబడ్డ ముందు వరసలోకి రాబోతే, వెనక్కి నిలబడమని సైగ చేస్తారు. ఆమె ఒక్కడుగు వెనక్కి వేస్తుంది. అంతే.

కానీ అత్తకి అన్నిటికంటే ఇష్టమైనది కోట తలుపు ఎపిసోడ్. మూడుసార్లు చెప్పించుకుంది. యువరాణి భర్త పోయి తిరిగొస్తుంది. పెద్ద వాకిలి ముత్తయిదువలకే, నువ్వు ఏనుగుల సాల పక్కనున్న చిన్న వాకిట్లోంచి రా అని లోపల్నుంచి కబురొస్తుంది. ఆమె పోదు. తెల్లవారినప్పటి నుంచి పొద్దుగూకేదాకా పెద్ద వాకిలి ముందు ఎండలో నిలబడుతుంది. చివరికి ముసలి రాజు తనే లేచొచ్చి, వణికే చేతులతో గడియ తీస్తాడు. నిండు సభలో, "కొండ మీది కోట నా కూతురిది" అంటాడు.

మూడోసారి చెప్పినప్పుడు అత్త అడిగింది. "అంతసేపు ఎండలో నిలబడింది గదా, కాళ్ళకి చెప్పులున్నయ్యా?"

"లేవత్తా."

"అదీ. ఎందుకడిగానంటే, నేనొచ్చినప్పుడూ లేవు."

ఆ ఫిబ్రవరిలోనే మా పొలానికి బేరమొచ్చింది. రోడ్డు పక్క పొలం. తెల్ల కారులో ముగ్గురు మనుషులొచ్చి, ప్లాట్లు వేస్తామని, మూడెకరాలూ ఒకే బిట్టుగా కావాలని అన్నారు. మధ్యలో ముక్క వదిలేస్తే వాళ్ళకి పనికిరాదట. పాసుపుస్తకం చూసి సరేనన్నారు. వాళ్ళ లాయరు మాత్రం, "ఆడపడుచు ఉందంటున్నారు కదా, ఆవిడ హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టాలి, లేకపోతే రేపు కోర్టుకెక్కుతుంది" అన్నాడు.

"మా అక్క కోర్టుకెక్కే మనిషి కాదండీ" అన్నాడు నాన్న.

"అందుకే ఇప్పుడే పెట్టించండి" అన్నాడు లాయరు.

నాన్న చెడ్డవాడు కాదు. ఇది రాస్తూ నాకు అన్నిటికంటే చిరాకు పుట్టించేది అదే. చెడ్డవాడై ఉంటే నేరుగా వెళ్ళి అడిగేవాడు. నాన్న కల్లానికి వెళ్ళి, మంచు గురించి, రేటు గురించి మాట్లాడి, ఒక మిరపకాయ విరిచి గింజ చూసి, తిరిగొచ్చేవాడు. అలా నాలుగుసార్లు వెళ్ళాడు. ఐదోసారి అమ్మ వెళ్ళి చెప్పింది.

అమ్మ ఏం చెప్పిందో నాకు అత్త చెప్పింది. నా ఎమ్మే చదువు కోసమట. యూనివర్సిటీలో సీటు వస్తే హాస్టలు, పుస్తకాలు, ఆ తర్వాత బీఈడీ. ఇల్లు పైన ఒక అంతస్తు వేస్తే అందులో అత్తకొక గది. "రేపు నీకు కాలు చెయ్యి ఆడకపోతే చూసేది మేమే గదా వదినా" అందట.

"నువ్వేమన్నావత్తా?"

"ఏమంటా? ఆలోచిస్తానన్నా. మా నాన్న ఇచ్చింది. ఇది ఉందనే ఇన్నాళ్ళూ మీ ఇంటికొచ్చి దర్జాగా కాఫీ తాగుతున్నా. ఇది లేకపోతే అదే కాఫీ చేదుగా ఉంటదేమో." కాసేపు తాలు ఏరి, మళ్ళీ అంది. "అట్టాగని తమ్ముడు నోరు తెరిచి అడగలేక నాలుగుసార్లొచ్చి పోతంటే చూళ్ళేకపోతన్నా."

సరిగ్గా ఆ వారమే సీరియల్లో కూడా అదే నడుస్తోంది. అలా ఎందుకు జరిగిందంటే ఏం చెప్పను, రాజులకైనా రైతులకైనా కొట్లాడుకోవడానికి భూమే ఉంటుంది. కొత్త రాజు, అంటే యువరాణి అన్న, కొండకోట తనకి రాసిమ్మని చెల్లెలికి కాగితం పంపిస్తాడు. దాని మీద యువరాణి తన ముద్ర వెయ్యాలి. శనివారం ఎపిసోడ్లో కరిగిన లక్క కాగితం మీద పడింది, యువరాణి ముద్ర ఉన్న చెయ్యి పైకెత్తింది, ఉరుము ఉరిమింది, అయిపోయింది. మిగతాది సోమవారం.

ఆదివారం పొద్దున అత్త నన్ను ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగింది.

"వేస్తదంటావా?"

"తెలీదత్తా."

"నువ్వు చదువుకున్నదానివి గదా, ఊహించు."

"రాసేవాళ్ళిష్టం అత్తా."

"అది రాజు కూతురు. దానికి తెలుస్తది ఏది మంచో. చూద్దాం." నవ్వింది. "అది వేస్తే నేనూ వేస్తాలే. పోనీ, నాకు ఆలోచించే పని తప్పుతది."

సగం నవ్వులాటకే అంది. ఆ నవ్వులాటని నేను ఇంటికి మోసుకెళ్ళి, అన్నం తినేటప్పుడు అమ్మకి చెప్పాను. అత్త అన్న తీరు అనుకరించి మరీ చెప్పాను. అమ్మ కూడా నవ్వింది. నేను చేసిన మొదటి పని అది. దాన్ని ఎవరూ చెయ్యమనలేదు.

సోమవారం ముగ్గురం చూశాం. నాన్న పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. యువరాణి ఎత్తిన చెయ్యి దించింది. లక్క ఆరిపోతుంటే కాగితం తీసుకుని సభ మధ్యకి నడిచింది. అందులో రాసినది పైకి చదవడం మొదలుపెట్టింది. తూర్పున ఏరు, దక్షిణాన మామిడితోట, పడమర బండలదారి, ఉత్తరాన అడివి. మొత్తం చదివి, అన్న వైపు చూసి, "నాలుగు దిక్కులూ రాయించావు. మధ్యలో ఎవరుంటారో రాయించలేదు. నేనుంటాను" అంది. ముద్ర నడుముకి దోపుకుని, పెద్ద వాకిట్లోంచే బయటికి నడిచింది.

ఆ నటి ఎవరో గానీ, మూడేళ్ళలో ఆ ఒక్కరోజే నటించింది. ఇదే, ఇదే అన్నిటికంటే మంచి ఎపిసోడ్ అనుకున్నాను. పొద్దున కల్లంలో అది ఎలా చెప్పాలో, ఎక్కడ ఆగాలో అప్పుడే మనసులో పేర్చుకుంటున్నాను.

సబ్బు ప్రకటన వస్తుంటే అమ్మ అడిగింది. "పొద్దున ఏం చెప్తావే మీ అత్తకి?"

"ఏముంది, జరిగింది చెప్తా."

"జరగడమేంటి, కథే గదా. ఎట్టా చెప్తే అట్టా."

నాన్న వైపు చూశాను. పేపరు కదల్లేదు. కాసేపాగి పేజీ తిప్పాడు. ఆదివారం అనుబంధం అది, నిన్నంతా చదివినదే.

పొద్దున కల్లానికి నడుస్తున్నంతసేపూ నిజమే చెప్తాననుకున్నాను. ఇది నన్ను నేను వెనకేసుకురావడానికి రాయట్లేదు. అత్త నన్ను దూరం నుంచే చూసి లేచి నిలబడింది. క్యారియర్ అందుకోకుండానే, "వేసిందా?" అంది.

"వేసింది అత్తా" అన్నాను.

అనేశాక చెప్పాల్సినది ఇంకా ఇరవై నిమిషాలుంది. నా దగ్గర ఏమీ లేదు. తాలు ఏరుతూ అక్కడికక్కడ అల్లాను. ముద్ర వేసేటప్పుడు లక్క చుక్క యువరాణి వేలి మీద పడిందన్నాను. ఆమె చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకుందనీ, అది చూసి అన్న సింహాసనం దిగి పరుగెత్తుకొచ్చాడనీ, సభ అంతా చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చుని చెల్లెలి వేలు ఊదాడనీ చెప్పాను. చిన్నప్పుడు దీపం వత్తి అంటుకుంటే ఊదినట్టు. కాగితం తీసి చింపబోయాడన్నాను. యువరాణే ఆపిందన్నాను. "కోటదేముంది అన్నయ్యా, నువ్వు ఊదావుగా" అందన్నాను. అన్న తన సింహాసనం పక్కనే ఇంకో పీట వేయించి, ఈ ఇంట్లో ముందు నా చెల్లెలు తిన్నాకే నేను తింటానన్నాడన్నాను.

అత్త ఏరడం ఆపేసింది. కళ్ళు తుడుచుకుంది. ముప్పైయేళ్ళు మిరపలో పనిచేసిన మనిషి కారం చేత్తో కళ్ళు ముట్టుకోదు, ఆ రోజు ముట్టుకుంది. మంటకి కేకేసి, "నీళ్ళు, నీళ్ళు పొయ్యవే" అంది. సీసాలో నీళ్ళు దోసిట్లో పోస్తుంటే ముఖం కడుక్కుంటూ, నవ్వుతూ, ఏడుస్తూ, "చచ్చినోడు, ఎంత మంచోడు" అంది. అన్న గురించి.

బుధవారం నాన్నని పిలిపించి సంతకం పెడతానంది.

కానీ సీరియల్ ఆగదు కదా. ఆ తర్వాత రోజుల్లో టీవీలో యువరాణి కొండకోట ఎక్కి తలుపులేసుకుంది, అన్న సైన్యం పంపాడు. కల్లంలో మాత్రం అన్నాచెల్లెళ్ళు కలిసి తోట నాటారు. పొరపాటున ఒకదాన్లోది ఇంకోదాన్లో చెప్పకుండా, డైరీలో ఎడమ పేజీలో వచ్చినది, కుడి పేజీలో చెప్పినది రాసుకునేదాన్ని. కుడి పేజీలో చిన్న రాణికి యువరాణి వేడన్నం వండి పెట్టింది, ఏడుగురినీ వంటింటి గడప దాటనివ్వలేదు. అది విని అత్త, "ఈ మధ్య బాగా తీస్తన్నారే" అంది.

ఆ మాటకి నాకెంత సంతోషం వేసిందో రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ డైరీ మొత్తంలో నన్ను ఎవరైనా మెచ్చుకున్నారని ఉన్నది ఆ ఒక్క పేజీలోనే.

రిజిస్ట్రారాఫీసుకి నేనూ వెళ్ళాను. అత్త సరిగంచు చీర కట్టుకుంది. సంతకం పెట్టింది, తనకి రాయడం వచ్చు. ఆ తర్వాత మిషను మీద వేలిముద్ర వెయ్యాలి. పడలేదు. మిరప పనితో గీతలు అరిగిపోయాయి. గుమస్తా గుడ్డతో అద్దం తుడిచాడు, అత్త వేలు తుడిచాడు, "గట్టిగా నొక్కమ్మా" అన్నాడు. మళ్ళీ పడలేదు. వెనక నిలబడ్డ తెల్లకారు మనుషులు గడియారాలు చూసుకున్నారు. ఇంకో వేలు పెట్టమన్నారు. నాలుగోసారి పడింది. ఆ తర్వాత సిరా పూసి పుస్తకంలో కూడా ఒక ముద్ర వేయించారు.

అత్త నా వైపు తిరిగి, చెవి దగ్గర, "యువరాణికి ఒక్క దెబ్బకే పడింది, చూశావా" అంది.

నవ్వాలి కాబట్టి నవ్వాను. నాన్న అప్పటికే మెట్లు దిగి, బయట టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. అత్త వేలికి అంటిన సిరా ఊదడానికి ఎవరూ రాలేదు. చీర మడతల్లో తుడుచుకుంది.

ఇంటి మీద అంతస్తు లేచింది. ముందు గదులు టీచరుగారి కుటుంబానికి అద్దెకిచ్చారు, వెనక గది అత్తకన్నారు. అందులో మొదటి ఏడు సిమెంటు బస్తాలు, తర్వాత పాత మంచం, దాని మీద మా పరుపులు చేరాయి. గది ఇవ్వం అని ఎవరూ అనలేదు, ఖాళీ చేద్దాం అనుకుంటూనే ఉన్నారు. అత్త రేకుల ఇంట్లోనే ఉంది. పొలం లేకపోయాక ఆటో ఎక్కి కోల్డ్ స్టోరేజీకి మిరపకాయల తొడిమలు తియ్యడానికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఏడున్నరకి మా ఇంటికొస్తే, ఆ ఛానల్ రావట్లేదంది అమ్మ. అబద్ధం కాదు, ఆ ఛానల్ ప్యాకులోంచి నిజంగానే తీయించేసింది. పొలంలో ప్లాట్ల రాళ్ళు పాతారు. ఒక్క ఇల్లూ లేవలేదు. రాళ్ళ మధ్య సర్కారు తుమ్మ పెరిగింది.

నేను ఎమ్మే చదివాను. హాస్టలు గదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద నేను కొనుక్కున్న పుస్తకాలు. చిన్నప్పటి నుంచీ నేను కోరుకున్నదంతా అదే, కోరుకున్నట్టే దొరికింది. బీఈడీ కూడా అయ్యాక ఇప్పుడు ఒంగోల్లో ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తున్నాను. ఆదివారాలు ఇంటికొస్తాను.

మొన్న ఒక ఆదివారం అత్త వచ్చింది. నాన్న అరుగు మీద ఉన్నాడు, అత్తని చూసి, "రా అక్కా" అని చెప్పులేసుకుని బజారుకి వెళ్ళిపోయాడు. అమ్మ వంటింట్లో ఉంది. అత్త ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతులు ఒడిలో పెట్టుకుంది. వేళ్ళ చివర్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

"కోడలా, నీ ఫోన్లో పాత ఎపిసోడ్లు వస్తయ్యంటగా?"

"ఏవత్తా?"

"మన రాజుల సీరియలే. నా పక్కన కూర్చునే పిల్ల రోజూ పెడతది, తొడిమలు తీస్తా వింటన్నాం. చూట్టానికెక్కడ కుదురుద్ది, వినడమే. నిన్న ముద్ర రోజుది వచ్చింది. అందరూ తుమ్ముతా ఉంటే నాకు సరిగ్గా వినపళ్ళా. ఒకసారి పెట్టు."

వంటింట్లో మిక్సీ మొదలైంది. ఫోన్లో ఛార్జింగ్ లేదందామనుకున్నాను, ఫోన్ చేతిలో వెలుగుతోంది. నెట్ రావట్లేదందామనుకున్నాను. కానీ నేను స్కూల్లో పిల్లలకి రోజూ అబద్ధమాడొద్దని చెప్పే మనిషిని, ఆ మాట గుర్తొచ్చి కాదు, అత్త నన్ను చూస్తుండటం వల్ల పెట్టాను.

ఫోన్ నీళ్ళచెంబుకి ఆనించి స్టూలు మీద పెట్టాను. ఇరవై రెండు నిమిషాలు. యువరాణి చెయ్యెత్తింది. దించింది. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం చదివింది. మధ్యలో నేనుంటానంది. పెద్ద వాకిట్లోంచి వెళ్ళిపోయింది. మిక్సీ ఎప్పుడో ఆగిపోయింది, అమ్మ మాత్రం బయటికి రాలేదు. తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలవబోతుంటే వేలితో ఆపాను.

అత్త చాలాసేపు ఆ ఆగిపోయిన బొమ్మనే చూసింది.

"ఎంత ధైర్యంగా చదివిందే కాగితం" అంది చివరికి. "నేను చదవనే లేదు. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టా."

చెంబు మీంచి జారుతున్న ఫోన్ సరిచేశాను.

"మరి నువ్వు చెప్పినది? వాళ్ళన్న దిగొచ్చి వేలు ఊదినది?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదని నాకు తెలుసు. చెప్పాల్సినది రెండే మాటలు. నోరు తెరిచాను కూడా.

"అది... అది వేరే రోజుదత్తా" అన్నాను.

"అట్టనా."

అత్త నా ముఖంలోకి చూసింది. నమ్మిందో లేదో నాకిప్పటికీ తెలియదు. కోపం లేదు. కుర్చీ ముందుకి లాక్కుని, కొంగు సర్దుకుని, ఇందాకటికంటే దగ్గరగా కూర్చుంది.

"అయితే అది కూడా పెట్టు."

ఫోన్ తీసుకున్నాను. ఎపిసోడ్ల జాబితా కిందికి జరపడం మొదలుపెట్టాను. ఒక్కోదానికి ఒక్కో చిన్న బొమ్మ, కిరీటాలు, కత్తులు, ఏడుపు ముఖాలు, పాయసం గిన్నె. వందల కొద్దీ. అడుగుదాకా పోయి, మళ్ళీ పైకి రావడం మొదలుపెట్టాను.

"నిదానంగా వెతుకు" అంది అత్త. "ఇయ్యాల నాకేం పని లేదు."